ఆరని బొమ్మ, వాడని దండ

కొండ్రాజుపాలెంలో దయామణి బతికే ఉంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పొద్దున్నే ఆవిడ చేతికర్ర చప్పుడు విని పక్కకు తప్పుకునే కుక్కలకు తెలుసు. టీలో పంచదార ఎక్కువైందని ఆవిడ చేత చీవాట్లు తినే బంకువాడికి తెలుసు. సర్కారు నర్సుగా సైకిలు మీద తిరిగిన రోజుల్లో ఆవిడ సూది పొడిచిన చేతులు ఇప్పటికీ ఆవిణ్ణి చూడగానే కొంచెం ముడుచుకుంటాయి కాబట్టి వాటికీ తెలుసు. తెలియనిదల్లా జీవన నిర్ధారణ కార్యాలయానికి ఒక్కదానికే. ఆ కార్యాలయం పెట్టిందే అది తెలుసుకోవడానికి కనుక, తొందరపడి తెలుసుకోదు.

పింఛను తీసుకునేవాళ్ళు ఏటా ఒకసారి తాము బతికి ఉన్నట్టు రుజువు చూపించాలి. పోయినేడు దాకా ఇది ఫోనులో అయిపోయేది. ఫోను ముందు మొహం పెట్టి, కళ్ళు ఆర్పి, తల ఊపితే, "మీరు జీవించి ఉన్నారు. ధన్యవాదాలు" అని వచ్చేది. బతికి ఉన్నందుకు ధన్యవాదాలు చెప్పేవాళ్ళు ఈ వయసులో ఎంతమంది దొరుకుతారు? అందుకని దయామణికి ఆ ఫోనంటే గౌరవం.

అయితే ఎక్కడో ఒక జిల్లాలో ఒక పెద్దమనిషి పోయాక కూడా ఏటేటా ఫోనులో కళ్ళు ఆర్పుతూ వచ్చాడు. కంప్యూటరు తెలిసిన కొడుకు తండ్రి పాత ఫొటోకి కదలిక నేర్పాడు. నేర్పినవాడు ఊరుకోకుండా తండ్రి మీద ప్రేమ కొద్దీ ఏటా కాస్త జుట్టు నల్లబరిచాడు, కాసిన్ని ముడతలు తీసేశాడు. చివరికి ఆ పెద్దమనిషి కొడుకుకన్నా చిన్నవాడైపోయాడు. అప్పుడు కూడా శాఖకు మొదట వచ్చింది అనుమానం కాదు. ఆయన ఏం తింటున్నారో కనుక్కోమని పై నుంచి తాఖీదు వచ్చింది. తినడం లేదని తేలాక గుట్టు బయటపడింది.

వెంటనే నిపుణుల సంఘం కూర్చుంది, లేచింది, ఉత్తర్వు వచ్చింది.

"డిజిటల్ మాధ్యమము విశ్వసనీయము కాదని తేలినందున, ఇకమీదట ప్రతి పింఛనుదారుడును చిత్రకారుని ఎదుట స్వయముగా ఆసీనుడై, తైలవర్ణములతో తన రూపచిత్రమును వేయించుకొని సమర్పించవలెను. ఫొటో చూచి వేసినది చెల్లదు."

దీని వెనక మంచి ఆలోచనే ఉంది. చచ్చినవాడు కంప్యూటర్లో కళ్ళు ఆర్పితే ఆర్పవచ్చు గానీ, వచ్చి కుర్చీలో కూర్చుని బొమ్మ వేయించుకుంటాడా? సంఘంలో ఒక సభ్యుడికి మాత్రం సందేహం వచ్చింది. కదలకుండా కూర్చోవడంలో బతికున్నవాళ్ళకన్నా చచ్చినవాళ్ళే మెరుగు కదా అన్నాడు. ఆయన మాటను మన్నించి రెండో నిబంధన చేర్చారు: "ఆసీనుడైన వ్యక్తి స్వల్పముగా కదిలినట్లు చిత్రమునందు కనిపించవలెను." ఇంకో సభ్యుడి తెల్ల చొక్కాకు ఎప్పుడో రంగు అంటుకుని ఉంటుంది. ఆయన కోసం మూడోది: "చిత్రము పూర్తిగా ఆరి యుండవలెను."

ఈ ఉత్తర్వు వచ్చిన రోజున దయామణి పక్కింటి అరుగు మీద అష్టాచెమ్మా ఆడుతోంది. ఆ ఇల్లు నాంచారమ్మది. నాంచారమ్మ పూలు కట్టి అమ్ముతుంది. పెళ్ళికైనా చావుకైనా ఆ ఊళ్ళో దండ ఆవిడ వేళ్ళమీదుగా వెళ్ళాల్సిందే. ఒక చేత్తో గవ్వలు వేస్తూనే రెండో చేత్తో నారకు చామంతులు ఎక్కిస్తుంది.

"మళ్ళా అష్టానా?" అంది దయామణి.

"అష్టానే వదినా. దేవుడిచ్చాడు."

"నా దేవుడా, నీ దేవుడా?"

"ఎవురైతే ఏందిలే, ఇచ్చినాయన ఇచ్చాడు."

నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్టా. దయామణి రెండు కళ్ళలోనూ శుక్లాలు. గవ్వలు ఆవిడకు తెల్లటి మసకల్లా కనిపిస్తాయే తప్ప, బోర్లా పడ్డాయో వెల్లకిలా పడ్డాయో తెలియదు. నాలుగింట్లో మూడు వెల్లకిలా పడి పళ్ళు ఇకిలిస్తున్నా నాంచారమ్మ దాన్ని అష్టా అనే పిలుస్తుందని దయామణికి గట్టి నమ్మకం. నమ్మకం ఉంది, చూపు లేదు.

"క్రిస్మస్‌ ముందు కంటి డాక్టర్ల బండి వస్తందంట. రానీ. ఆపరేషన్ అయినాక చూస్తా నీ దేవుడి సంగతి."

"చూద్దువులే," అంది నాంచారమ్మ. ఆ మాటలో ఉత్సాహం లేదు.

ఆ బండిలో ఆపరేషన్ ఉచితమే. కానీ బతికి ఉన్నట్టు తేలిన పింఛనుదారులకు మాత్రమే. ఈసారి తప్పితే మళ్ళీ ఎండలన్నీ దాటాకే వస్తుంది. అందాకా అష్టాలన్నీ నాంచారమ్మవే.

దయామణి బస్సెక్కి మండలానికి వెళ్ళి జీవన నిర్ధారణ అధికారి శరభయ్య ముందు నిలబడింది. శరభయ్యది పక్క ఊరే.

"తమరి జీవితం విషయమై కార్యాలయానికి వ్యతిరేకాభిప్రాయం ఏమీ లేదు," అన్నాడు శరభయ్య ఎంతో మర్యాదగా. "అనుకూలాభిప్రాయం కూడా లేదు."

"నేను నీ ఎదురుగా నిలబడ్డా కదయ్యా!"

"నిలబడ్డారు. శరభయ్యగా నేను చూస్తున్నాను. కార్యాలయం ఇంకా చూడలేదు."

"నీ భుజం మీద టీకా మచ్చ నేనేసిందే."

శరభయ్య చొక్కా మీదనుంచే భుజం తడుముకున్నాడు. "ఉందమ్మా. కానీ అది నేను బతికున్నదానికి ఆధారం. మీరు బతికున్నదానికి కాదు. పెద్దమనసు చేసుకుని బొమ్మ వేయించుకోండి."

మండలం మొత్తానికి తైలవర్ణాలు తెలిసినవాడు అంకాచారి ఒక్కడే. ఒకప్పుడు ఎవరు పోయినా పెద్దకర్మ రోజుకి పటం అంకాచారే వేసేవాడు. తర్వాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కొట్టు వచ్చింది. వాళ్ళు కంప్యూటర్లో పోయినవాడి బొమ్మను టీ తాగేలోపల చేతికిస్తారు; వెనకాల ఒక జలపాతం, రెండు పావురాలు ఉచితం. అంకాచారి కుంచెలు చీపుళ్ళలా బిరుసెక్కాయి. ఇలాంటప్పుడు వచ్చింది ఉత్తర్వు. తెల్లారేసరికి అతని కొట్టు ముందు చేతికర్రల వరస. అంకాచారి కళ్ళొత్తుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొత్త రంగుగొట్టాలు తెచ్చుకున్నాడు. ఒక్క చిక్కు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అతను పుట్టి బుద్ధెరిగాక బతికున్న మనిషి బొమ్మ వేసి ఎరగడు.

"ఫొటో తెచ్చారామ్మా?" అన్నాడు దయామణితో.

"ఫొటో ఎందుకయ్యా, నేనే వచ్చాగా."

"అలవాటులెండి." ఎప్పుడు పోయారని అడగబోయి నాలిక కరుచుకున్నాడు. "కూర్చోండి. కదలకండి."

"కదలాలంటగా. రూలుంది."

"కొంచెమే కదలాలంటమ్మా. మీరు లేచి నిలబడుతున్నారు."

"ఆ పోయే పిల్ల చూడు, ఎట్టా దగ్గుతోందో. ఇదిగో అమ్మాయ్! చన్నీళ్ళు తాగబాక! వాము కషాయం పెట్టుకో!"

అంకాచారికి చెమటలు పట్టాయి. పోయినవాళ్ళెవరూ అతన్ని ఇంత తిప్పలు పెట్టలేదు. వాళ్ళు గడ్డం ఎలా పెట్టమంటే అలా పెట్టి ఉంచేవాళ్ళు. ఫొటోలో మనిషి ఒక్కరే ఉంటారు. ఈ కుర్చీలో మాత్రం పొద్దున ఒకావిడ కూర్చుంటోంది, ఎండెక్కాక ఇంకొకావిడ, ఊరి మాటల్లో పడితే పూర్తిగా మూడో ఆవిడ. ఏ దయామణిని వెయ్యాలి? మొదటి రోజు విసుక్కున్నాడు. తర్వాత తర్వాత ఆవిడ రాక కోసం వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళలో కమ్మిన పొరను పట్టుకోవడానికి తెలుపులో నీలం చుక్క కలిపాడు, చాలక ఇంకాస్త బూడిద రంగు కలిపాడు. చివరికి ఆ మసక పడాల్సిన చోట పడేసరికి, ఒక్కడే కొట్లో కూర్చుని నవ్వుకున్నాడు.

బొమ్మ పూర్తయిన రోజు దయామణి టీ తాగడానికి వెళ్ళింది. అంకాచారి బొమ్మను దూరంనుంచి చూశాడు. దగ్గరికొచ్చి చూశాడు. ఏదో వెలితిగా తోచింది. అతను ఆలోచిస్తూ ఉండగానే చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పచ్చ చామంతుల దండ, కింద ఒక చిన్న దీపం. కుంచె తుడుచుకున్నాక అతని మనసు నెమ్మదించింది. రోజూ ఇంటికి తాళం వేసుకునే మనిషికి తాళం వేసిన సంగతి గుర్తుండదు. అలాగే అంకాచారికి దండ వేసిన సంగతి గుర్తు లేదు.

దయామణిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన నాంచారమ్మ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. అది రెండు పేటల దండ. కింద కుచ్చు ఉంది. అలాంటివి తను ఎన్ని కట్టి ఎన్ని ఇళ్ళకు పంపిందో.

"ఎట్టా ఉంది వదినా?" అంది దయామణి, మొహం బొమ్మకు ఆనించినంత పనిచేసి.

"నిండుగా ఉంది."

"మెడ దగ్గిర ఏందో పచ్చగా అలుక్కుపోయినట్టుంది?"

నాంచారమ్మకు కంటి డాక్టర్ల బండి గుర్తొచ్చింది. అష్టాలు గుర్తొచ్చాయి.

"చీర అంచు వదినా," అంది.

మొహం మాత్రం కనిపించేలా మిగతాదంతా రంగుకు తగలకుండా గోనెపట్టా చుట్టి, ఇద్దరూ బొమ్మను మధ్యన నిలబెట్టుకుని బస్సులో తెచ్చారు. శరభయ్య కళ్ళజోడు సవరించుకుని, బొటనవేలు చాచి, బొమ్మలోని దయామణి ముక్కు మీద నొక్కాడు.

"తడి," అన్నాడు.

వేలు తీసేసరికి ముక్కు ఎడమ బుగ్గ వైపు జరిగి ఉంది. శరభయ్య దాన్ని తృప్తిగా పరిశీలించాడు.

"నాసిక స్థానభ్రంశం చెందినది. అనగా వ్యక్తి కదిలారు. రెండవ నిబంధన నెరవేరినది. ఆరాక తీసుకురండి."

"మిగతా బొమ్మ చూడవా?"

"ఆరనంతవరకు ఇది చిత్రం కాదమ్మా, ద్రవం. ద్రవాలను పరిశీలించే అధికారం ఈ కార్యాలయానికి లేదు. అన్నట్టు, నెల దాటనీయకండి. నెల దాటిన చిత్రం పాతది, చెల్లదు."

బయట ముసురు. తైలవర్ణం ఎండాకాలంలోనే నెలకి ఆరదు. ఆరాలనే నిబంధన, నెల దాటరాదనే నిబంధన వేరువేరు గదుల్లో తయారయ్యాయి. ఆ గదుల మధ్య తలుపు లేదు. దయామణి ఊళ్ళో రస్కులు కాల్చే కరీముల్లా దగ్గరికి వెళ్ళింది. అతని చిన్నప్పటి గజ్జి కుదిర్చింది ఆవిడే.

"బన్నయినా బొమ్మయినా ఎక్కువసేపు పెడితే మాడిద్దమ్మా," అని హెచ్చరించి, కరీముల్లా రోజూ రస్కులు దించాక ఆరీ ఆరని పొయ్యి పక్కన బొమ్మను గోనెపట్టాతోనే నిలబెట్టాడు. కొన్నాళ్ళకు బొమ్మ ఆరింది. బుగ్గలు ఒక్క పిసరు ఎర్రబడ్డాయి. "బన్నుకైతే ఈ రంగు బాగా పోద్ది," అన్నాడు కరీముల్లా.

యాలకుల వాసన కొడుతున్న బొమ్మను చూసి కార్యాలయంలో అందరికీ ఆకలేసింది. శరభయ్య వేలు పెట్టాడు. పొడిగా ఉంది. "ఇప్పుడు ఇది చిత్రం," అని ప్రకటించి గోనెపట్టా తీయించాడు.

శరభయ్య మెల్లిగా లేచి నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. చేతులు జోడించాడు.

"ఎప్పుడు జరిగింది?" అన్నాడు.

"ఏంది జరిగేది?"

"దండ ఉందమ్మా. దీపం ఉంది. దండ కలిగిన చిత్రం ఎవరిదో వారు కీర్తిశేషులని లోకాచారం. లోకాచారాన్ని కాదనే అధికారం నాకు లేదు."

దయామణి గిరుక్కున నాంచారమ్మ వైపు తిరిగింది. నాంచారమ్మ పైన తిరుగుతున్న ఫ్యానును ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

"చీర అంచన్నావే!"

"నాకూ ఈ మధ్య చూపు ఆనట్లేదు వదినా."

"శరభయ్యా, ఇది నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన బొమ్మయ్యా!"

"అదే వచ్చిన చిక్కు. ఫొటో చూసి వేసినదైతే పొరపాటు అనుకోవచ్చు. ప్రత్యక్షంగా చూసి వేశారాయె. ప్రత్యక్షానికి మించిన ప్రమాణం లేదు."

"అంకాచారి అలవాటు కొద్దీ వేసుంటాడు. ఆ దండ చెరిపిస్తా."

"చెరిపితే ఫోర్జరీ. కేసవుతుంది. అయితే మీ మీద పెట్టడానికి మీరు లేరు," అన్నాడు శరభయ్య. ఆ విషయంలో మాత్రం ఆయనకు నిజంగానే బాధ కలిగింది.

శాఖ మానవత్వం లేనిది కాదు. ఆ శుక్రవారమే కార్యాలయంలో సంతాప సభ పెట్టారు. బొమ్మకు అగరొత్తులు వెలిగించారు. దయామణి కూడా వెళ్ళింది, వెళ్ళకపోతే ఏమైనా అనుకుంటారని. ముందు వరసలో కుర్చీ వేశారు. ఆఖరున శరభయ్య, "దివంగతురాలిని బాగా దగ్గరగా ఎరిగిన వీరు రెండు మాటలు మాట్లాడతారు," అని ఆవిడ చేతికి మైకు ఇచ్చాడు.

"ఆవిడ మంచిదే," అంది దయామణి. "కానీ మతిమరుపు మనిషి. ఈ శరభయ్య చిన్నప్పుడు టీకాకి భయపడి గడ్డివాములో దూరాడు. కాళ్ళు పట్టుకుని ఇవతలకి లాగింది గానీ, ఇంకో సూది వెయ్యాల్సింది, మర్చిపోయింది."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. శరభయ్య భుజం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత దయామణి ఆట మానేసింది. నాంచారమ్మ అరుగు మీద గళ్ళు గీసి, గవ్వలు పెట్టి, పిలిచింది.

"చచ్చినదానికి ఆటేంది?" అంది దయామణి ఇంట్లోంచే.

"ఒక్క ఆట వదినా."

"దండలు కట్టుకోపో. నీకు గిరాకీ బాగుంది."

నాంచారమ్మ ఒక్కతే కూర్చుని రెండు వైపులా తనే గవ్వలు వేసింది. నిజంగానే అష్టా పడింది. పక్కన నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు ఎవరూ లేకపోతే అష్టాలో రుచి లేదు. కాయ కదపకుండా గవ్వలు ముంతలో పోసేసింది.

ఇదిలా ఉండగా మండలంలో మిగతా పింఛనుదారుల బొమ్మలు కూడా కరీముల్లా పొయ్యి పక్కన ఒక్కొక్కటే ఆరాయి. అన్నీ అంకాచారి వేసినవే. అన్నిటికీ దండలు ఉన్నాయి. పింఛనుదారులంతా గతించిన మండలంగా ఆ మండలానికి శాఖలో మంచి పేరొచ్చింది. ఇంత కచ్చితమైన ఫలితం డిజిటల్ కాలంలో ఎన్నడూ రాలేదని పైవాళ్ళు శరభయ్యను మెచ్చుకుని, పథకాన్ని ఉద్యోగులకు కూడా విస్తరించారు. ఇకమీదట కుర్చీలో ఉన్న ప్రతి అధికారీ తాను బతికి ఉన్నట్టు తైలవర్ణంలో చూపాలి. ఆదర్శంగా మొదట శరభయ్యే కూర్చోవాలి.

"దండ వేశావో, చూడు!" అన్నాడు శరభయ్య అంకాచారితో.

"అమ్మతోడు వెయ్యను సారూ."

బొమ్మ అయ్యేదాకా శరభయ్య కార్యాలయంలోనే అతని చేతిని కనిపెట్టుకునే కూర్చున్నాడు. దండ పడలేదు. పూర్తయిన బొమ్మను ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ చూసుకుని, "పూతపూసి, ఆరబెట్టి, పైకి పంపించెయ్," అని చెప్పి భోజనానికి వెళ్ళాడు.

తన జీవితం సంగతి ఏమైందో కనుక్కోవడానికి వచ్చిన దయామణి అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది.

"అయిపోయిందా అంకాచారీ?"

"అయిందమ్మా."

"ఏమీ మర్చిపోలేదు గదా?"

అంతే అంది. అంకాచారి బొమ్మకేసి చూశాడు. ఏదో వెలితిగా తోచింది.

నెల తిరక్కుండా పై కార్యాలయం శరభయ్య ఆత్మకు శాంతి కలగాలని కోరుతూ సందేశం పంపింది. ఒక పూట సెలవు ఇచ్చింది. ఖాళీ అయిన కుర్చీకి హైమవతి అనే కొత్త అధికారిణిని నియమించింది. శరభయ్య మర్నాడు వచ్చి, అలవాటు కొద్దీ తన కుర్చీ దాకా వెళ్ళి, ఆగి, బయట బల్ల మీద దయామణి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు కూడానా నాయనా?" అంది దయామణి జరిగి చోటిస్తూ.

"నేను వాళ్ళ ఎదురుగా నిలబడ్డానమ్మా," అన్నాడు శరభయ్య. "వ్యక్తులుగా చూశారట. కార్యాలయం ఇంకా చూడలేదట."

కంటి డాక్టర్ల బండి వచ్చే వారం వస్తోందని ఆటోలో మైకు పెట్టి చెప్పి వెళ్ళారు. ఆ మైకు నాంచారమ్మ అరుగు ముందునుంచే వెళ్ళింది. ఆ పొద్దంతా ఆవిడ చేతిలో పూలు పూలుగానే ఉండిపోయాయి. సాయంత్రం నాంచారమ్మ వచ్చి దయామణి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే అడిగింది.

"కొత్తమ్మగారు కుర్చీలో ఎప్పుడు కూసుంటదంట?"

"రేపు. నీకెందుకు?"

"ఆమె బొమ్మ అంకాచారేనా వేసేది?"

"ఇంకెవురున్నారు?"

"అయితే మంచిదే," అని నాంచారమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు హైమవతి కారు దిగింది. ఆవిడ తెలివైనది. గోడ వెంబడి వరసగా ఉన్న దండల బొమ్మలను, చివరన పై నుంచి తిరిగొచ్చిన శరభయ్య బొమ్మను చూడగానే విషయం గ్రహించింది. అంకాచారిని పిలిచి, "నా ఒంటి మీద ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి. లేనిది ఒక్క పువ్వు వేసినా సహించను. ఉన్నది ఒక్కటి వదిలినా సహించను. అక్షరాలా ప్రత్యక్షం," అంది. అంకాచారి తన కుడిచేతి వంక అనుమానంగా చూసుకుంటూ తలూపాడు.

సరిగ్గా అప్పుడే గుంపును తోసుకుంటూ నాంచారమ్మ వచ్చింది. చేతుల్లో బారెడు దండ. పచ్చ చామంతులు, మధ్య మధ్యన కనకాంబరాలు, రెండు పేటలు, కింద కుచ్చు.

"కొత్తగా వచ్చినమ్మ ఉత్త మెడతో కుర్చీలో కూసుంటే మా మండలానికే నామర్దా తల్లీ," అంటూ హైమవతి మెడలో వేసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. వేసిన దండను కాదన్న అధికారి ఇంతవరకూ భూమ్మీద పుట్టలేదు. హైమవతి కొంచెం సిగ్గుపడి, కొంచెం నిటారుగా కూర్చుంది. ఫొటోలు తీశారు. అంకాచారి కుంచె తీశాడు. ఉన్నది ఉన్నట్టు, ఒక్క పువ్వు పొల్లుపోకుండా వేశాడు. బతుకులో మొదటిసారిగా ఎదురుగా చూసి దండ వేస్తున్నాడు, మరీ ఒళ్ళు మరిచి వేశాడు.

బొమ్మ అయ్యాక హైమవతి చూసుకుంది. దండను చూసింది. గోడ మీది దండలను చూసింది. బయట బల్ల మీద కూర్చున్న శరభయ్యను చూసింది. శరభయ్య లేచి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

"ఆగండి!" అంది హైమవతి. "నమస్కారాలు ఆపండి!"

"దండ తీసేసి ఇంకో బొమ్మ వేసేదా అమ్మా?" అన్నాడు అంకాచారి.

"చెరిపినా మార్చినా ఫోర్జరీ కిందికి వస్తుందండి," అన్నాడు శరభయ్య వినయంగా. "నేను పెట్టిన రూలే."

ఆ కార్యాలయం చరిత్రలో ఏ కాగితమూ అంత వేగంగా తయారు కాలేదు. చేరిన రోజునే పోవడం ఇష్టంలేని హైమవతి, బొమ్మ తడి ఆరకముందే, అంటే అది ఇంకా ద్రవంగా ఉండగానే, సర్క్యులర్ జారీ చేసింది: "చిత్రములందు కనిపించు దండ మరణమునకు సూచన కాదు. అది గౌరవమునకు మాత్రమే సూచన. ఈ సవరణ వెనకటి తేదీ నుండి వర్తించును." ఒక్క సంతకంతో మండలంలోని వృద్ధులందరూ లేచి కూర్చున్నారు. శరభయ్య కూడా బతికాడు గానీ, కుర్చీ మాత్రం హైమవతితోనే ఉండిపోయింది. పోయిన ప్రాణం తిరిగిరావచ్చు గానీ, పోయిన పోస్టు రావడానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలట.

అక్కడితో ఆగితే బాగుండేది. దండ మరణానికి గుర్తు కాదన్న వార్త చుట్టుపక్కల పాకింది. జనం ఇళ్ళలో గోడలకున్న పటాలు దింపి తుడిచారు. అంకాచారి పూర్వం వేసిన తాతలు, తాతల తండ్రులు, అందరూ తైలవర్ణంలో, అందరూ దండలతో, అందరూ చక్కగా ఆరి, కార్యాలయం ముందు బారులు తీరారు. పటాలు పాతవే గానీ, సవరణ వర్తించేది వెనకటి తేదీ నుంచే. వాళ్ళు పోయారనడానికి ఇక ఏ ఆధారమూ లేదు. నాంచారమ్మను కూడా, మీ ఆయన పటం ఉంది కదా తెచ్చుకోమని ఎవరో అన్నారు. "వద్దులే. ఆయన్ని అక్కడే ప్రశాంతంగా ఉండనీ," అంది.

మండల జనాభా ఒక్కసారిగా పెరిగిపోవడం చూసి శాఖ ఉలిక్కిపడింది. సంఘం కూర్చుంది, లేచింది. "తైలవర్ణ మాధ్యమము విశ్వసనీయము కాదని తేలినందున, ఇకమీదట పింఛనుదారులు ఫోను ఎదుట కళ్ళు ఆర్పవలెను," అని ఉత్తర్వు వచ్చింది.

అది వచ్చేసరికి దయామణి ఆపరేషన్ అయిపోయింది. కట్లు విప్పి, నల్ల కళ్ళద్దాలు తీసేసిన రోజున కార్యాలయం వాళ్ళు తిప్పి పంపిన తన బొమ్మను ఆవిడ మొదటిసారి చూసుకుంది. పక్కకు జరిగిన ముక్కు, మాడిన బుగ్గలు, పచ్చగా దండ. వాటన్నిటి మధ్య మసక కమ్మిన రెండు కళ్ళు ఎదుటివాళ్ళను గుర్తుపట్టడానికి తంటాలు పడుతున్నాయి. దయామణి ఆ మసకను వేలితో తడిమి చూసింది.

"ఫోను ఎన్నేళ్ళు చూసింది నన్ను," అంది. "ఈ కళ్ళని ఒక్కసారన్నా చూసిందంటావా?"

"అంకాచారి చూశాడు," అంది వెనకనుంచి నాంచారమ్మ. పూలగంపను చంకకు మార్చుకుని, "నేను కూడా చూశా వదినా. దండ," అంది.

"తెలుసులే. గవ్వలు తే."

అరుగు మీద గళ్ళు గీశారు. దయామణివి చింతపిక్కలు, నాంచారమ్మవి గాజుముక్కలు. నాంచారమ్మ గవ్వలు వేసింది. మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా. నోరు దానంతటది అష్టా అనబోయింది. దయామణి తెల్లటి గవ్వల మీదకు వంగి ఉంది, ఒక్కొక్క గవ్వ మీద గీతలు కూడా లెక్కపెట్టేలా.

"మూడు," అంది నాంచారమ్మ చిన్నగా.

దయామణి గవ్వలు వేసింది. చమ్మా పడింది. నాలుగు గళ్ళు నడిచి, పండబోతున్న నాంచారమ్మ గాజుముక్కను టక్కున చంపింది. చంపిన కాయను ఇవతల పెట్టి, పక్కన గంపలోంచి తెగిపోయిన కనకాంబరాల నార ముక్క ఒకటి తీసి, దాని చుట్టూ జాగ్రత్తగా చుట్టింది.

"ఇదేంది వదినా!" అంది నాంచారమ్మ. "చంపి, మళ్ళా దండేస్తావా?"

"గౌరవానికే వదినా," అంది దయామణి గవ్వలు మళ్ళీ గలగలలాడిస్తూ. "కావాలంటే సర్క్యులర్ చూసుకో."